తప్పు మాట్లాడే హక్కు ఎవలికున్నది?

"తెంగో ఓంబ్రె" అన్న నేను. వంటింట్ల ఉన్న ముగ్గురాడోళ్లు పొట్ట పట్టుకోని నవ్విండ్రు. ఎందుకు నవ్వుతున్నరో నాకు సమజ్ కాలె. నాకు ఆకలైతంది, గదే చెప్పిన అనుకున్న. ఇంటి పెద్దమ్మ కండ్లు తుడ్సుకుంట, "ఏడున్నడు మరి? పిలువు, ఆయనకు సుత రొట్టె పెడత" అన్నది.

స్పానిష్‌ల ఆంబ్రె అంటె ఆకలి, ఓంబ్రె అంటె మొగోడు. "నాకు ఆకలైతంది" అనబోయి "నాకు మొగోడున్నడు" అన్న నేను. నడీడు మీదవడ్డ ఆడిమనిషి కొత్త ఊర్ల, కొత్త ఇంట్ల, రెండో దినమే గా ముచ్చట చెప్తె నవ్వరా మరి!

గా నవ్వుల ఎక్కిరింత లేదు. గందుకే ఆ రెండు మాటలు నేను సచ్చేదాంక మర్వ. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, పరాయి దేశంల ఒక ఇంట్ల ఉండి భాష నేర్చుకునుడు ఎట్లుంటదో మీకు చెప్దామనే ఇది రాస్తున్న. ఎట్ల నేర్సుకోవాలె, ఎంత ఖర్చయితది, ఏం లాభం, అన్నీ చెప్త. దాంతోపాటు అదే ఇంట్ల చూసిన ఇంకో సంగతి సుత చెప్పాలె. ఒకలు తప్పు మాట్లాడితె చప్పట్లు, ఇంకొకలు అదే తప్పు మాట్లాడితె తిట్లు. గది చెప్పకుంట ఉత్త ప్రయాణం ముచ్చట చెప్తె నేను అబద్ధం ఆడినట్టే.

ఏడికి పోయిన, ఎందుకు పోయిన

మెక్సికో కింద గ్వాటెమాల అనే చిన్న దేశమున్నది. రెండేండ్ల కింద అక్కడ భూమి కోసం కొట్లాడే ఆడోళ్ల మీటింగ్‌కు నన్ను పిలిచిండ్రు. విమానం టికెట్ వాళ్లే పెట్టుకున్నరు. మూడు రోజుల మీటింగ్‌ల నా చెవులకు యంత్రం పెట్టి, ఎవలో ఇంగ్లిష్‌లకు మార్చి చెప్తె విన్న. నా ఇంగ్లిష్ సుత అంతంత మాత్రమే. పదో తర్గతి తర్వాత చదివిందంతా కరపత్రాలు, పాత పుస్తకాలు, డిక్షనరీ పెట్టుకోనే. ముంగట కూసున్న ఆడోళ్లు వాళ్ల భూముల గురించి చెప్పుకుంట ఏడుస్తున్నరు, నాకేమో అది ఒక నిమిషం ఆలస్యంగ చేరుతంది. ఒక మనిషి ఏడ్సినంక నిమిషానికి మనకు దుఃఖం వచ్చుడు ఏం మంచిగుంటది?

మీటింగ్ అయిపోయినంక నాలుగు వారాలు ఆగిన. నా దగ్గరున్నయి కొన్ని, అప్పు తెచ్చినయి కొన్ని, ఆ పైసలతోని స్పానిష్ నేర్చుకుందామని కెట్సాల్తెనాంగో అనే ఊరికి పోయిన. అక్కడోళ్లు ఆ ఊరిని షేలా అంటరు. షెలాహు అనే పాత మాయా పేరు నుంచి వచ్చిందది. ఊరు 2,300 మీటర్ల ఎత్తుల ఉంటది. పొద్దుగాల చలికి పండ్లు కొట్టుకుంటయి.

స్పానిష్ బళ్లకు గ్వాటెమాల పెట్టింది పేరు. ఆంటిగ్వాల, షేలాల, అతిత్లాన్ చెరువు చుట్టున్న ఊర్లల్ల సుత ఉన్నయి. అమెరికా నుంచి, యూరప్ నుంచి పిల్లలొచ్చి నేర్చుకుంటరు. ఎందుకంటె అక్కడ అగ్గువ, ఒక్కలకు ఒక్క టీచర్ ఉంటరు, ఉండేది ఊరోళ్ల ఇంట్లనే.

ఈ పద్ధతి ఎట్ల నడుస్తది

సోమారం నుంచి శుక్రారం దాంక దినాం 4 గంటలో 5 గంటలో పాఠం. ఒక చిన్న బల్ల, రెండు కుర్చీలు, ఒక టీచర్, ఒక విద్యార్థి, అంతే. ఎనుక బెంచీల దాసుకునే జాగ లేదు. నాలుగు వారాలల్ల నాకు 100 గంటల పాఠం అయ్యింది. ఒక మనిషి మన మొకంల మొకం పెట్టి 100 గంటలు మన మాట వినుడు మన బడులల్ల పదేండ్లు చదివినా దొరకదు.

బడి అయిపోయినంక ఇంటికి పోవాలె. బడోళ్లే ఒక కుటుంబాన్ని చూపిస్తరు. ఒక చిన్న అర్ర, ఒక మంచం, మూడు పూటల బువ్వ. శానా కాడ ఐతారం తిండి ఉండదు, ఇంటామెకు గదొక్కటే సెలవు. పాఠం, ఇల్లు, తిండి అన్ని కలిపి వారానికి 200 డాలర్లకు అటూ ఇటూ అడుగుతరు. మన పైసలల్ల అది చిన్న మొత్తం కాదు. గానీ స్పెయిన్‌కు పోయి నేర్చుకునేదానితోని చూస్తె శానా తక్కువ.

నేనున్న ఇంట్ల నలుగురు. ఇంటామెకు అరవైకి దగ్గర ఈడు. అక్కడ పెద్ద ఆడోళ్లను దోన్యా అని మర్యాదగ పిలుస్తరు. పేరు రాయొద్దన్నది కాబట్టి నేను ఉత్త దోన్యా అనే రాస్త. ఆమె తల్లి ఎనభై దాటిన ముసలవ్వ. దోన్యా బిడ్డకు పదిహేడేండ్లు, కాలేజ్ పొల్ల. బిడ్డకు స్నేహితురాలు ఒక పొల్ల, చదువు కోసం పల్లె నుంచి వచ్చి ఆడనే ఉంటది. దోన్యా కొడుకు అమెరికాల కూలి పని చేస్తడు. కాగితాలు లేవు. పోయి తొమ్మిదేండ్లాయె, మల్ల రాలె. వస్తె తిరిగి పోనియ్యరు. వారానికోపారి వీడియోల కనవడ్తడు. గ్వాటెమాల దేశం సంపాదనల దాదాపు ఐదో వంతు ఇట్ల బయట ఉన్నోళ్లు పంపే పైసలే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు తల్లులకు ఈ ముచ్చట ఇడమర్సి చెప్పే పని లేదు. ఫోన్ల కొడుకు మొకం చూసి "తిన్నవా బిడ్డా" అని అడిగే తల్లి ఏ భాషల అడిగినా అది మనకు తెలుస్తది.

బడిల సూత్రం, ఇంట్ల మాట

బడిల క్రియలు నేర్పిస్తరు, ఇంట్ల పనులు నేర్పిస్తరు. నాకు పనుల నుంచే మాటలు పట్టుకున్నయి.

మొదటి దినమే తప్పు చేసిన. ప్రతి ఇంట్ల పీలా అనే సిమెంటు తొట్టి ఉంటది. నడ్మల నీళ్ల గోలెం, రెండు దిక్కుల బట్టలకు, బోండ్లకు రెండు గద్దెలు. నేను పోయి నడ్మ గోలెంల చేతులు పెట్టి కడుక్కున్న. దోన్యా ఉరికొచ్చి గిన్నెతోని నీళ్లు ముంచి పక్కకు పొయ్యాలె అని చూపిచ్చింది. ఆ నీళ్లే వంటకు సుత వాడుతరు. మన ఇంట్ల ఎవలన్న మంచినీళ్ల బిందెల చెయ్యి పెడితె మన అవ్వలు ఏమంటరు? గదే అన్నది, కాకుంటె స్పానిష్‌ల అన్నది. "లోపట, బయట, ముంచు, పొయ్యి" నాలుగు మాటలు ఒక్క తిట్టుల వచ్చినయి.

పొద్దుగాల ఐదున్నరకు దోన్యాతోని గిర్నికి పోయేదాన్ని. మక్కలను సున్నపు నీళ్లల్ల ఉడికిచ్చి, రాత్రంత నానవెట్టి, పొద్దుగాల గిర్నిల పట్టిస్తరు. పిండి తడిగ, ముద్దగ వస్తది. సున్నంతోని పొట్టు ఊడుతది, మక్కలల్ల దాగిన ఒక విటమిన్ ఒంటికి అందుతది. ఇది వేల ఏండ్ల కింద అక్కడి ఆడోళ్లు కనిపెట్టిన శాస్త్రం. యూరపోళ్లు మక్కలు తీస్కపోయిండ్రు గానీ ఈ పద్ధతి తీస్కపోలె. ఉత్త మక్కల మీదనే బతికిన బీదోళ్లకు అక్కడ పెలాగ్రా అనే రోగం వచ్చి మస్తు మంది సచ్చిండ్రు. ఆడోళ్ల వంటింటి తెలివిని ఇడ్సిపెడితె గిట్లయితది.

గిర్ని కాడ బోండ్లు పట్టుకోని ఆడోళ్ల లైన్. ఎవలింట్ల పెండ్లి, ఎవలి కొడుకు ఫోన్ చేసిండు, ఉల్లిగడ్డ ఎంతకమ్ముతున్నరు, అన్నీ ఆడనే. మొదటి వారం నాకు ఒక్క ముక్క తెల్వలె. రెండో వారం ధరలు సమజైనయి. మూడో వారం గొడవలు సమజైనయి. నాలుగో వారం ఒక గొడవల నేను సుత ఒక మాట అన్న. అది విని లైన్ల ఉన్నోళ్లు ఆగి చూసిండ్రు. పరీక్ష పాసైన అనుకున్న.

ఇంటికొచ్చినంక రొట్టె. పిండి ముద్ద రెండు చేతుల నడ్మ పెట్టి చప్పట్లు కొట్టినట్టు కొడుతరు. మన జొన్నరొట్టె చప్పుడే, కాకుంటె చిన్నది. పెనాన్ని కోమాల్ అంటరు. దాని మీదనే టమాటలు కాల్చి, ఉల్లిగడ్డ, కొత్తిమీర ఏసి దంచితె చిర్మోల్ అనే తొక్కు తయారు. మొదటి బుక్క నోట్ల పెట్టంగనే నాకు మా అవ్వ రోలు యాదికొచ్చింది. మక్క, మిరప, టమాట మూడూ ఆ దిక్కు నుంచే మనకొచ్చినయి. టమాట అనే పేరు సుత మెక్సికోల నావాట్ల్ అనే ఆదివాసి భాష నుంచి వచ్చిందే. ఆ దినం గా మాట చెప్పుదామని చూసిన గానీ అంత స్పానిష్ నాకాడ లేదు. "మీ టమాట, నా ఇల్లు, మంచిది" అన్న. దోన్యాకు సమజైంది.

తిన్నంక లేసేటప్పుడు "గ్రాసియాస్" అనాలె, అంటె థాంక్స్. మిగిలినోళ్లు "బ్వెన్ ప్రొవేచో" అంటరు, తిన్నది ఒంటికి పట్టాలె అని. అనకుంట లేస్తె మర్యాద కాదు. ఈ రెండు మాటలు పుస్తకంల చదివితె ఉత్త మాటలే. దినాం మూడుపూటలా చేత్తోని పెట్టినామె మొకం చూసి అంటె అప్పుడు భాష అయితది.

మన తెలుగే ఆసరా అయ్యింది

స్పానిష్‌ను ఇంగ్లిష్ మీదికెల్లి నేర్చుకోవాలని శానా మంది అనుకుంటరు. నేను సుత గట్లనే అనుకోని మొదటి వారం మస్తు తిప్పలు పడ్డ. తర్వాత తెల్సింది, తెలుగు మీదికెల్లి పోతెనే దగ్గరి తొవ్వ అని.

చూడుండ్రి. కాఫీ నచ్చుతది అని చెప్పనీకి ఇంగ్లిష్‌ల "నేను" ముంగట పెట్టాలె. స్పానిష్‌ల "మె గుస్తా ఎల్ కాఫే" అంటరు, అంటె "నాకు నచ్చుతది కాఫీ". తల నొస్తంది అంటె "మె దువేలె ల కబేసా", నాకు నొస్తది తల. అచ్చం మన తీరే! ఇంగ్లిష్ పిల్లలు వారాలకు వారాలు కష్టపడ్డ పాఠం నాకు అర్ధగంటల అయిపోయింది.

మనం "మాట్లాడుత" అంటె నేను అని వేరే చెప్పే పని లేదు, మాట చివరనే అది ఉంటది. స్పానిష్‌ల సుత ఆబ్లో అంటె నేను మాట్లాడుత, ఆబ్లామోస్ అంటె మనం మాట్లాడుతం. ఇంగ్లిష్‌ల ఉండేదానికి ఒక్కటే మాట, స్పానిష్‌ల సెర్ అని, ఎస్తార్ అని రెండు. అందరూ ఆడనే బోర్ల పడ్తరు. మనం "ఆమె పంతులమ్మ" అంటం, చివర్ల ఏం పెట్టం. "ఆమె ఇంట్ల ఉన్నది" అంటె పెడతం. మనం ఏం పెట్టనికాడ శానసార్లు సెర్, ఉన్నది అనేకాడ శానసార్లు ఎస్తార్. అన్నిసార్లూ కుదరదు గానీ మొదలువెట్టనీకి ఇది మంచి ఊతకర్ర.

త, ద అక్షరాలు మనలాగనే పండ్లకు నాలుక తాకిచ్చి పలుకుతరు. ర అయితె మన బండి ర లెక్క గట్టిగనే. ఎన్యె అనే అక్షరం మన ఞ కు దగ్గరి సుట్టం. మనిషిని పిలిచేకాడ సుత మన నువ్వు, మీరు లెక్కనే తేడాలున్నయి. గ్వాటెమాలల దగ్గరోళ్లను వోస్ అంటరు, మర్యాదకు ఉస్తెద్ అంటరు. కొన్ని ఇండ్లల్ల కన్నబిడ్డలను సుత ప్రేమతోని ఉస్తెద్ అంటరు, మనకాడ చిన్న పొల్లను "రండి తల్లీ" అన్నట్టు.

మరి కష్టమేడ ఉన్నది? కుర్చీ మొగదా ఆడదా, బల్ల మొగదా ఆడదా అని ప్రతి వస్తువుకు గుర్తువెట్టుకోవాలె. అది నాకు ఇప్పటికీ రాదు. కోరికకు, అనుమానానికి క్రియ వేరే రూపం మారుతది, అది సుత సగమే అయ్యింది. గానీ "తెలుగు మీడియమోళ్లకు వేరే భాష రాదు" అనే మాట ఉత్త కూత అని నా నాలుక మీద పెట్టుకోని రుజువు చేసుకున్న.

ఆ ఇంట్ల అసలు భాష ఏంది?

ఇప్పుడు నేను చెప్పాల్సిన ముచ్చటకు వస్త.

మొదటి రాత్రే ముసలవ్వ ఏదో అన్నది, దోన్యా ఏదో అన్నది. నాకు ఒక్క ముక్క తెల్వలె. నాకు స్పానిష్ రాదు కదా అనుకున్న. అది స్పానిషే కాదు, కిచె. మాయా భాషలల్ల పెద్దది, దాదాపు 10 లక్షల మంది మాట్లాడుతరు. గ్వాటెమాలల ఇసొంటి మాయా భాషలు 22 ఉన్నయి, గరిఫునా, షింకా వేరే. 2003ల వాటన్నిటిని దేశ భాషలని ఒప్పుకుంట చట్టం చేసిండ్రు. అధికార భాష మాత్రం స్పానిషే.

స్పానిష్ అక్కడికి 1524ల కత్తి పట్టుకోని వచ్చింది. గెల్చినోళ్ల భాష అది. భూమి రికార్డులు గా భాషలనే, కోర్టు గా భాషలనే, బడి గా భాషలనే. దోన్యా చిన్నప్పుడు బడిల కిచె మాట్లాడితె చేతుల మీద కొట్టిండ్రట. "గందుకే నా బిడ్డతోని కిచె మాట్లాడలె" అన్నది. "నాకు పడ్డ దెబ్బలు దానికి పడొద్దని." బిడ్డకు కిచె సమజైతది, బదులు మాత్రం స్పానిష్‌ల ఇస్తది. అవ్వకు కిచె ఒక్కటే పూర్తిగ వచ్చు, స్పానిష్ ముక్కలు ముక్కలు. ఒకే బల్ల మీద మూడు తరాలు, నడ్మల భాష తెగిపోయింది.

1952ల అక్కడ ఒక సర్కారు పెద్ద ఎస్టేట్ల పడావు భూమిని తీసి బీదోళ్లకు పంచింది. 1954ల అమెరికా సీఐఏ ఎనుకుండి ఆ సర్కారును కూలగొట్టింది. తర్వాత 1960 నుంచి 1996 దాంక లోపటి యుద్ధం. 2 లక్షల మందికి పైన సచ్చిండ్రు, మాయమైండ్రు. ఐక్యరాజ్య సమితి అండతోని పనిచేసిన సత్య కమిషన్ 1999ల చెప్పిందేందంటె, గుర్తువట్టిన బాధితులల్ల 83 శాతం మాయా జనం. ఆ దినాలల్ల కిచె మాట్లాడుడంటె ప్రాణానికే మోసం. నోబెల్ శాంతి బహుమతి 1992ల తీసుకున్న రిగోబెర్తా మెంచూ కిచె బిడ్డ. ఆమె పెద్దయినంకనే స్పానిష్ నేర్చుకున్నది, తన జనం గోసను లోకానికి చెప్పనీకి. దొరల భాష దొరల మీదికే తిప్పింది.

ఒకే తప్పు, రెండు తీర్పులు

మూడో వారం అవ్వకు మోకాళ్లు వాసినయి. దోన్యా, నేను, అవ్వ కలిసి ఒక దవాఖానకు పోయినం. చిట్టి రాసేకాడ ఒకామె కూసున్నది. దోన్యా మందుల దుకాణానికి పోయి ఇంకా రాలె. ఏం నొస్తందని అవ్వను అడిగిండ్రు. అవ్వ తనకొచ్చిన స్పానిష్‌ల చెప్పింది. మొగ మాటకు ఆడ గుర్తు, నిన్నటి మాటకు రేపటి క్రియ. రాసేటామె మొకం ముడ్సుకున్నది. "సక్కగ మాట్లాడు, నాకు సమజైతలేదు" అని గట్టిగ అన్నది. ఎనుకున్నోళ్లు నవ్విండ్రు. అవ్వ నోరు మూసుకున్నది, రెబోసో అంచు మూతికి అడ్డం పెట్టుకున్నది.

నేను అడ్డంబడి చెప్పిన. నా స్పానిష్ అవ్వ కన్న అధ్వాన్నం. "ఆమె, మోకాలు, మూడు దినం, పెద్ద" అన్న. గంతే అన్న. రాసేటామె మొకం ఇచ్చుకున్నది. "అబ్బో! ఎంత మంచిగ మాట్లాడుతున్నరు! ఏ దేశం మీది?" అని అడిగింది. నాకు కుర్చీ చూపిచ్చింది. ఎనభై ఏండ్ల అవ్వ నిలవడే ఉన్నది.

నేను ఆ కుర్చీల అవ్వను కూసోవెట్టిన గానీ నా తల తిరిగిపోయింది. ఇద్దరివీ ముక్కల స్పానిషే. నేను పైసలు కట్టి నేర్చుకున్న, కాబట్టి నా తప్పు ముద్దుగుంటది. అవ్వకు దెబ్బలు కొట్టి నేర్పిచ్చిండ్రు, కాబట్టి అవ్వ తప్పు ఎక్కిరింతకు పనికొస్తది. అక్కడ తీర్పు చెప్పేది వ్యాకరణం చూసి కాదు, మనిషి బట్టలు, రంగు, ఊరు చూసి.

మనకు ఇది కొత్తనా? మన యాసను సినిమాలల్ల దొంగలకు, గూండాలకు, నవ్విచ్చేటోళ్లకు పెట్టి ఎన్నేండ్లు ఆడుకున్నరు! అదే బొంబాయి హీరోయిన్ వచ్చి మైకుల "అందరికీ నమస్కారం, బాగున్నారా" అంటె ఈలలు, చప్పట్లు. నేను తొమ్మిదో తర్గతిల ఉన్నప్పుడు "సార్, గది నాకు సమజైతలేదు" అన్నందుకు బెంచి ఎక్కిచ్చిన సారు యాదికొచ్చిండు. సమజ్ కాలేదని చెప్పినందుకు కాదు, "సమజ్" అన్నందుకు.

గానీ తమ్ముళ్లూ, గంతటితోని ఆపితె మనకు మనమే చప్పట్లు కొట్టుకున్నట్టు. ఇంకో దిక్కు సుత చూడాలె. మన ఊర్ల పక్కన ఇటుక బట్టీలల్ల ఒడిశా నుంచి వచ్చినోళ్లు పని చేస్తరు. వాళ్లు కిరాణ దుకాణంల ముక్కల తెలుగుల ఉప్పు అడుగుతె మనం ఏం చేస్తం? తండా నుంచి వచ్చిన లంబాడి పొల్ల, గూడెం నుంచి వచ్చిన కోయ పోరడు క్లాసుల ఒక మాట తిప్పి పలికితె నవ్వెటోళ్లల్ల మనం లేమా? నేనున్న. చిన్నప్పుడు నవ్విన. ఆ దవాఖానల నవ్వినోళ్ల మొకాలల్ల నాకు నా మొకమే కనవడ్డది.

పైసలు ఎవలికి చేరుతయి

ఇంకో ముచ్చట. ఇంట్ల ఉంచుకునుడును బడోళ్లు "ప్రేమగల కుటుంబం" అని అమ్ముతరు. నిజమే, ప్రేమున్నది. గానీ అది పని సుత. దోన్యా పొద్దుగాల ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాంక నాకు వండింది, కడిగింది, నా తప్పులు దిద్దింది, నా సగం మాటలకు ఆగి ఆగి ఎదురుచూసింది. పాఠం చెప్పే టీచర్‌కు పేరున్నది, దోన్యా పనికి పేరు లేదు. నేను కట్టిన దాంట్ల సగం కన్న తక్కువే ఆమెకు చేరిందని ఆఖరు వారం తెల్సింది. విద్యార్థులు రాని నెలలల్ల అది సుత ఉండదు. ఆమెను అడిగితె, "కొడుకు పైసలు రాని నెల మీ పైసలే ఆదుకుంటయి" అన్నది. ఫిర్యాదు చెయ్యలె. ఫిర్యాదు చేస్తె వచ్చేసారి ఇంకో ఇంటికి పంపుతరు గదా.

కొన్ని బడులు టీచర్లే సంఘం కట్టుకోని నడుపుకుంటరు. ఇసొంటియి గ్వాటెమాలల ఉన్నయి. ఆడ చేరేముందు లెక్క అడగొచ్చు.

పోదామనుకునేటోళ్లకు

స్పానిష్ దాదాపు 20 దేశాలల్ల అధికార భాష, ఐక్యరాజ్య సమితి 6 అధికార భాషలల్ల ఒకటి. నేర్చుకుంటె నష్టం లేదు. గానీ అప్పు చేసి విమానం ఎక్కుమని నేను చెప్ప. నేను చేసిన అప్పు మొన్నటిదాంక తీరలె. ముందుగాల ఇక్కడ మొదలువెట్టుండ్రి. హైదరాబాద్‌ల ఇఫ్లూ యూనివర్సిటీల స్పానిష్ చెప్తరు, ఢిల్లీల స్పెయిన్ సర్కారు నడిపే సెర్వాంటెస్ సంస్థ ఉన్నది. డెలె అనే పరీక్షల ఏ1 నుంచి సీ2 దాంక ఆరు మెట్లు. ఆ కాగితం ఉంటె మన స్థాయి ఏందో ఏ దేశమోళ్లకైనా సమజైతది. ఫోన్ల రేడియోలు, వార్తలు ఉచితంగ దొరుకుతయి.

పోయే మోక వస్తె నాలుగు మాటలు గుర్తువెట్టుకోండ్రి. వీసా సంగతి వాళ్ల ఎంబసీనే అడుగుండ్రి, దళారిని కాదు. బడిని అడుగుండ్రి, నేను కట్టిన దాంట్ల ఇంటోళ్లకెంత, టీచర్‌కెంత అని. బదులియ్యకుంటె ఇంకో బడి చూస్కోండ్రి. ఇంట్ల అతిథి లెక్క కూసోకుండ్రి, గిర్నికి పోండ్రి, బోండ్లు కడుగుండ్రి, పప్పు ఏరుండ్రి. చేతులు పని చేస్తుంటె నోరు సిగ్గువడదు. ఇంగ్లిష్ వచ్చినోళ్ల పక్కన కూసోకుండ్రి. ఆ ఇంట్ల స్పానిష్ కన్న ముందున్న భాష ఏందో తప్పకుంట అడుగుండ్రి.

నేను అడిగిన. ఆఖరు వారం రాత్రిళ్లు అవ్వ పక్కన కూసోని కిచె నేర్చుకున్న. ఇషిమ్ అంటె మక్క. మాల్త్యోష్ అంటె థాంక్స్. నేను "మాల్త్యోష్" తప్పు పలికిన ప్రతిసారి అవ్వ మోకాలు మీద కొట్టుకోని నవ్వేది. ఒక రాత్రి బిడ్డ పుస్తకంల నుంచి తల ఎత్తి, "అట్ల కాదు, ఇట్ల" అని కిచెల పలికి చూపిచ్చింది. ఆ పొల్ల నోట కిచె నేను విన్నది గదొక్కసారే. దోన్యా రొట్టె కొట్టుడు ఆపి బిడ్డ దిక్కు చూసింది. ఎవలూ ఏమన్లె. తెల్లారి ఆ పొల్ల మల్ల స్పానిష్‌లనే మాట్లాడింది.

నేనొచ్చేసిన. ఇప్పుడు మా ఊరి బట్టీల ఉండే ఒడియా అక్క నెలకు రెండుసార్లు మా ఇంటికొస్తది, ఆధార్ కాగితాల పని ఉండి. ఆమె తెలుగు ముక్కలు ముక్కలు. మొన్న నేను ఒడియాల "నీళ్లు తాగుతవా" అని అడగబోయి ఇంకేదో అన్న. ఆమె పొట్ట పట్టుకోని నవ్వింది. నేనేమన్ననో ఇప్పటిదాంక చెప్తలేదు.